మామా కొడుకు సైకిల్

ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిన ఏడాది నేను అక్కడి రుమైథియాలో ఒక ఇంట్లో పనిచేసేదాన్ని. యజమానురాలిని అక్కడి వాడుకలో మామా, అంటే అమ్మా, అని పిలిచేదాన్ని. చలికాలం మొదట్లో సైనికులు ఆమె కొడుకును పట్టుకుపోయారు. అతని సైకిల్‌ను పెరటి మెట్ల కింద దాచాం.

యుద్ధం ముగిశాక, ఎండలు ముదరకముందే మామా దాన్ని బయటికి తీయించింది. తగలబడుతున్న చమురు బావుల మసి దానిమీద జిడ్డుగా పట్టేసింది. సబ్బునీళ్లతో కడిగి, చైనుకు నూనె వేసి, టైర్లకు గాలి కొట్టాను. మామా సీటు మీద చెయ్యి వేసి చూసింది.

"దీన్ని ఇంకొంచెం పైకెత్తు. ఎదిగే వయసు కదా, ఈపాటికి పొడుగయ్యుంటాడు," అంది.

"అట్లే మామా, ఎత్తుతా," అన్నాను.

బోల్టు తుప్పుపట్టి తిరగలేదు. ఇద్దరం కలిసి తిప్పాం.

నేను కడపకు వచ్చేసేదాకా అతను తిరిగి రాలేదు. ఏటా చలి తగ్గగానే, మామా అడగకముందే, ఆ టైర్లకు గాలి కొట్టేదాన్ని.