పుస్తకం లేస్తానే ఉంది

మంగళవారం. పొద్దుటినుంచి ముసురు. కొట్టు తెరిచి, వసారాలో ఉన్న ఎరువు బస్తాల మీద పట్టా కప్పుతున్నాను. ఒక వరస అయింది. అప్పుడే చర్చి నుంచి పాస్టరుగారు ఫోన్ చేసి, పాటల మాస్టారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పారు. రెండో వరస వదిలేసి వెళ్ళాను.

నేను రొంపిచెర్లలో ఎరువుల కొట్లో లెక్కలు రాస్తాను. రోజూ నా కోసం రాసుకునేది నాలుగు ముక్కలే. ఈ రోజు ఆయన్ని ఎరగనివాళ్ళు కూడా చదవాలని ఎక్కువ రాస్తున్నాను.

మాస్టారు బడిలో చేయలేదు. బస్సు కండక్టరు. ఉద్యోగమంతా మాచర్ల రూట్లో ఊళ్ళ పేర్లు కేకలేసి రిటైరయ్యారు. గొంతు మాత్రం చెడలేదు. శనివారం మధ్యాహ్నం చర్చిలో పిల్లలకు పాటలు నేర్పేవారు. అందరినీ చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలా ఒక పాటల పుస్తకం పొట్టమీద పెట్టి పాడమనేవారు. ఊపిరికి పుస్తకం పైకి లేవాలి.

“పాట డిపోలోంచి బయల్దేరాల. గొంతు రోడ్డే,” అనేవారు.

అట్లా పాట నేర్చుకున్నవాళ్ళలో మా అమ్మాయి ఒకతె. ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళి, అక్కడ ఒక బ్యాండులో చేరింది. ఆ సంగీతాన్ని మెలోడిక్ మెటల్‌కోర్ అంటారని ఫోన్లో చెప్పింది. కాసేపు గర్జించినట్టు అరుస్తారు, అంతలోనే రాగం తీస్తారు. వాళ్ళ పాట వీడియో ముక్క ఒకటి మా చర్చిలో అందరి ఫోన్లకూ వచ్చింది. అందులో అరుపు ఉంది, రాగం లేదు.

“ఇదేం పాట? దయ్యం పట్టినట్టుంది. మాస్టారు మన పిల్లలకూ ఇదే నేర్పుతాడేమో,” అన్నారు చర్చివాళ్ళు. కొందరు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు.

మాస్టారు తరగతి ఆపేశారు. “ఫోన్లో ఇని చెప్పేది కాదయ్యా ఇది. మనిషి ఎదురుగా నిలబడి ఇంటా. నేను నేర్పిన గొంతు చెడితే ఇంక ఎవరికీ నేర్పను,” అని నాతో అన్నారు. నరసరావుపేటలో ఇద్దరం రైలెక్కాం.

బెంగళూరు చలికి మాస్టారు మఫ్లరు తీయలేదు. పగలంతా అమ్మాయి ఊరు తిప్పింది. మెట్రోలో స్టేషన్ల పేర్లు చెప్పే గొంతును ఆయన శ్రద్ధగా విన్నారు.

“పేరు బానే చెప్తంది. దిగేవోడు లేచాడా లేదా చూడదేందే?”

“అది రికార్డింగు, మాస్టారూ.”

“అదే మరి.”

లాల్‌బాగ్ గుట్ట మీద కూర్చుని, అరచేత్తో రాయి తడిమి, “మన నాపరాయి కాదిది, చానా గట్టిది,” అన్నారు. పాట సంగతి మాత్రం ఎత్తలేదు. అమ్మాయీ అడగలేదు.

సాయంత్రం అమ్మాయి బ్యాండు పాడే హాల్లో కుర్చీలు లేవు, అందరూ నిలబడే ఉన్నారు. డ్రమ్ములు మొదలవగానే నా గుండె మీద ఎవరో గుద్దినట్టయింది. అమ్మాయి నోరు తెరిచి అరిచింది. ముందున్న కుర్రాళ్ళు ఒక్కసారిగా గుండ్రంగా పరుగెత్తుతూ ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడం మొదలుపెట్టారు. పల్నాడు మనిషి అది చూసి ఊరుకోగలడా? నేను పట్టుకునేలోపే మాస్టారు మఫ్లరు బిగించి మధ్యలోకి వెళ్ళిపోయారు.

“ఒరేయ్, ఆగండ్రా. పాట కాడ కొట్లాటేందిరా?”

కండక్టరు కేక కదా, డ్రమ్ములను దాటి వినిపించింది. వాళ్ళు ఆగారు. తెలుగు వచ్చిన కుర్రాడొకడు దండం పెట్టి, “కొట్లాట కాదు తాతా, ఆట. పడ్డోణ్ణి మేమే లేపుతాం,” అన్నాడు.

“అట్లయితే కానీండి,” అని పక్కకు వచ్చారు.

అప్పుడే అమ్మాయి అరుపులోంచి రాగంలోకి వచ్చింది. చర్చిలో విన్న గొంతే. మాస్టారు కళ్ళు మూసుకుని, చెయ్యి పొట్టమీద పెట్టుకుని, ఆమెతోపాటు ఊపిరి తీస్తూ చివరిదాకా అట్లాగే నిలబడ్డారు.

పాట అయ్యాక అమ్మాయి చెమటతో తడిసి స్టేజీ దిగి వచ్చి, “గొంతు చెడిందా, మాస్టారూ?” అని అడిగింది.

ఆయన జేబులోంచి కరక్కాయ ముక్క తీసి ఇచ్చారు. “బుగ్గన పెట్టుకో. పుస్తకం లేస్తానే ఉందే. అరిచేటప్పుడు ఇంకాస్త పైకి లేస్తంది.”

నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

ఊరికి తిరిగొచ్చాక ఆదివారం చర్చిలో లేచి నిలబడి మాస్టారు ఒక్కటే మాట చెప్పారు. “నేను నేర్పిందే పాడతంది. పిల్లల్ని పంపితే పంపండి.” శనివారం చాపలు చాలలేదు.

ఈ రోజు సాయంత్రానికి అమ్మాయి వచ్చింది. పెట్టెలో ఆయన పొట్టమీద పాటల పుస్తకం పెట్టారు. పాట ఎవరు ఎత్తుకోవాలని పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ వీడియో చూసి తన పిల్లల్ని మాన్పించిన ఆమే, “నువ్వెత్తమ్మా,” అంది. అమ్మాయి చెయ్యి పొట్టమీద పెట్టుకుని ఊపిరి తీసింది. చుట్టూ ఉన్న పిల్లలంతా అట్లాగే చేతులు పెట్టుకున్నారు. పుస్తకం ఒక్కటే కదలలేదు.

ఇంకా ముసురు పడుతూనే ఉంది. వసారాలో రెండో వరస బస్తాలు కప్పనే లేదు.