బావ ఎక్కితే లేచే ముల్లు

కార్ల కరెంటు పని చేసేవాళ్లు ఆ వీధిలో నలుగురున్నారు. అయినా డాష్‌బోర్డులో ముల్లు మొరాయించిందంటే మిగతా ముగ్గురూ బండిని ఇతని దగ్గరికే తోలేవాళ్లు. అందరూ మీటరాయన అనేవాళ్లు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. షెడ్డు గోడ నిండా మేకులు, మేకుకో పాత మీటరు, దాని కింద సుద్దముక్కతో రాసిన జబ్బు. చెయ్యి బంగారం. చెవే బంగారం కాదు. చెవుడని కాదు సుమా, వినడు, అంతే!

"మొన్న వానలో తడిసిందండీ, అప్పట్నుంచీ..." అని బండివాడు మొదలుపెడితే చాలు, "ఆ కథ తర్వాత చెబుదురుగాని, ముందు వైరేమంటుందో చూద్దాం" అని నోరు నొక్కేసేవాడు. మనుషులు అబద్ధమాడతారు, వైరు ఆడదు అని అతని నమ్మకం. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ముప్పై ఏళ్లలో ఆ నమ్మకం నూటికి తొంభైసార్లు నిలబడిన మాట నిజమే. తక్కిన పది సార్ల సంగతి అతను ఎవరికీ చెప్పేవాడు కాదు.

అతనికి ఒక్కతే అక్క. ఏడేళ్లు పెద్దది. అమ్మ పోయాక ఇతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇరవై ఆరేళ్లు స్కూలు వ్యాను నడిపి రిటైరైంది. అన్నేళ్లలో ఒక్క రోజు, ఒక్క రోజంటే ఒక్క రోజు, పెట్రోలు అయిపోయి బండి దారిలో ఆగింది లేదు. ఆ సంగతి ఆవిడ గొప్పగా చెప్పుకునేది కాదు, ఊరు చెప్పుకునేది.

రిటైరైన రెండేళ్లకు బావకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు, మధ్యలో ఒకే ఒక్క పెట్రోలు పంపు. వచ్చేటప్పుడు మనిషి తోటకూర కాడలా వాలిపోయేవాడు. అందుకని మీటరాయనే అక్క కారు వెనక సీటు విప్పి, కింద చెక్క పలక బిగించి, బావ కాళ్లు చాపుకుని పడుకునేలా చేశాడు. బోల్టులు కూడా తనే ఏరి తెచ్చాడు. "నా తమ్ముడు చేశాడు" అని అక్క ఆ సీటు అందరికీ చూపించుకుంది.

అలాంటి ఆవిడ బండి ఒక మిట్టమధ్యాహ్నం, ఆసుపత్రి నుంచి వస్తూ వంతెన ఎత్తు మీద ఆగిపోయింది. ట్యాంకులో చుక్క లేదు. మీటర్లో ముల్లేమో సగం దగ్గర ఠీవిగా నిలబడి ఉంది. వెనక బావ చెమటలు కక్కుతూ మూలుగుతున్నాడు. ఎవరో లారీ డ్రైవరు క్యానుతో పెట్రోలు తెచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఇల్లు చేరాక బావకు సెలైను ఎక్కించాల్సి వచ్చింది.

పక్క వీధిలో ఉండే కూతురు పరుగున వచ్చింది. తండ్రిని చూసి హడలిపోయి, కారు తాళం తీసి తన సంచిలో వేసుకుంది.

"అమ్మా, పెట్రోలు కొట్టించడం మర్చిపోయావు. ఒప్పుకుంటే తప్పేముంది?"

"మర్చిపోలేదే! ముల్లు సగం చూపించింది. ముందే అనుమానం నాకు. నేనొక్కదాన్నే ఉంటే కిందికి ఉంటుంది, మీ నాన్న ఎక్కితే పైకి లేస్తుంది."

కూతురు మేనమామ వైపు చూసింది. మీటరాయన మేనకోడలి వైపు చూశాడు. ఆ చూపు ఎలాంటిదో వేరే చెప్పాలా? పెద్దవాళ్ల తలమీదుగా ఇంట్లోవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకునే చూపు. ఒళ్లు మండుతుంది ఆ చూపు తలుచుకుంటే. ఆవిడ చెప్పిన రెండు ముక్కల్లో జబ్బంతా ఉంది. ఇంతోటి మీటరాయనకు అది చెవికెక్కలేదు.

"బావ బరువుకి పెట్రోలు పొంగుతుందా అక్కా?" అని నవ్వాడు కూడా.

మేనకోడలి దగ్గర తాళం తీసుకుని కారు షెడ్డుకు తెచ్చాడు. రెండు రోజులు దాన్ని ఒలిచి చూశాడు. ట్యాంకు దగ్గర వైరు ఊడదీసి కారు ఇనుముకు ఆనించాడు, ముల్లు నిండా లేచింది. వదిలాడు, సున్నాకు పడింది. అంటే మీటరు భేషు. ట్యాంకులోంచి తేలే బిళ్ల ఉన్న కాడను బయటికి లాగి, చేత్తో పైకీ కిందికీ ఆడించాడు. ముల్లు చెప్పినట్టు విన్నది. మళ్లీ బిగించి లీటరు పోశాడు, ముల్లు లీటరంతే లేచింది. ఇంకో రెండు పోశాడు, ఇంకో రెండంతే లేచింది. ఇంకేం చూడాలి? అక్క ఇంటికెళ్లి వాకిట్లోనే చెప్పేశాడు.

"మీటరు శుభ్రంగా ఉందక్కా. దాంట్లో ఏ లోపమూ లేదు."

మీటర్లో లోపం లేదంటే ఇక లోపం ఎవరిలో ఉన్నట్టు? అక్క తమ్ముడి ముఖంలోకి ఒకసారి చూసి, లోపలికి వెళ్లి ఆరిన బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. కూతురు గొంతు తగ్గించి, "సోమవారం అమ్మను మతిమరుపు డాక్టరుకు చూపిస్తాను మావయ్యా. కారు కూడా అమ్మేద్దాం. ఆవిడ చేతికి ఇంక తాళం ఇవ్వకూడదు" అంది. అతను "అలాగేనమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున, అమ్మేసే కారు కదా, శుభ్రం చేద్దామని పని మొదలుపెట్టాడు. డాష్‌బోర్డు దీపాలు చూడటానికి తాళం తిప్పి ఉంచాడు. చేతిలోని స్క్రూడ్రైవరు జారి వెనక సీటు సందులో పడింది. ఉస్సురంటూ బావ పడుకునే సీటు మీద బోర్లా పడుకుని సందులోకి చెయ్యి దూర్చాడు. తల ఎత్తేసరికి, ముందు సీట్ల మధ్యలోంచి మీటరు కనపడింది.

ముల్లు లేస్తోంది. మెల్లగా, ఒళ్లు బద్ధకంగా, సగం దాకా వచ్చి ఆగింది.

లేచి నిలబడ్డాడు. ముల్లు పడిపోయింది. కూర్చున్నాడు. లేచింది. నాలుగుసార్లు కూర్చుని నాలుగుసార్లు లేచాడు. చూసేవాళ్లుంటే ఇతనికే డాక్టరును పిలిచేవాళ్లు.

సీటు పీకి చూస్తే ఏముంది! ట్యాంకు నుంచి మీటరుకు వెళ్లే వైరు ఆ పలక కిందుగా పోతోంది. పలకను కారు ఇనుముకు బిగించిన బోల్టు తోక రెండంగుళాలు ఎక్కువై కిందికి పొడుచుకొచ్చింది. మనిషి బరువు పడ్డప్పుడల్లా ఆ తోక వైరును ఒరిసి ఒరిసి తొక్క తీసేసింది. బరువు పడితే బోల్టు రాగికి అరకొరగా ఆనుతుంది, ముల్లు సగం దాకా లేచి అబద్ధమాడుతుంది. బరువు తీస్తే మళ్లీ సత్యహరిశ్చంద్రుడే! పిల్లిని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఖాళీ సీటుతో రెండు రోజులు పరీక్షలు చేశాడు మహానుభావుడు.

పైగా ఆ బోల్టు తనది. తోక కోయకుండా వదిలేసిన చెయ్యీ తనదే.

దొంగకు తేలు కుట్టినట్టయింది. మనిషి బుద్ధి కదా, ముందు దొంగదారే వెతుక్కుంది. బోల్టు తోక కోసేసి, వైరుకు టేపు చుట్టేసి, 'ఎలుక కొరికింది' అంటే సరిపోదూ? అక్క తప్పు లేదని తేలుతుంది, తన పరువూ దక్కుతుంది. టేపు చుట్ట చేతిలోకి తీసుకున్నాడు కూడా. కానీ ఎలుక కొరికితే ముల్లు ఎప్పుడు పడితే అప్పుడు లేవాలి. 'మీ నాన్న ఎక్కితే' అన్న అక్క మాట అప్పటికీ వెర్రిమాటగానే మిగిలిపోతుంది. టేపు బల్ల మీద పడేశాడు. సీటు ఎలా ఉందో అలాగే బిగించి, కారు అక్క ఇంటికి తోలాడు.

మేనకోడలిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి తాళం తిప్పమన్నాడు. బావను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు.

"అమ్మడూ, ముల్లు మీంచి చూపు తిప్పకు. బావా, మీరు ఎక్కండి."

బావ ఎక్కి చేరగిలబడ్డాడు. ముల్లు కదిలి సగానికి వచ్చింది. కూతురు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"దిగండి బావా."

ముల్లు పడిపోయింది.

"ఏమోయ్, పెళ్లయి నలభై ఏళ్లయింది, ఈ ఇంట్లో నా లేవడానికీ కూర్చోవడానికీ ఒక్కళ్లూ కదిలింది లేదు. ఇదొక్కటే కదులుతోంది" అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. మీటరాయన ఆవిడ దగ్గరికి వెళ్లి, తలెత్తకుండా చెప్పాడు. "బోల్టు నాదే అక్కా. తోక కోయలేదు. అదే వైరు తినేసింది. నువ్వు చెప్పింది చెప్పినట్టు నిజం. తిట్టు, కొట్టు, నీ ఇష్టం."

"బోల్టుదేముందిరా. నువ్వు బావ కోసం చేశావు. చేతిపనిలో పొరపాటు రాదా ఏంటి?" ఆవిడ గొంతు అక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత వణికింది. "నువ్వొచ్చి మీటరు బాగుందన్నావు చూడు, అప్పట్నుంచీ నన్ను నేనే నమ్మడం మానేశాను. పొయ్యి కట్టేశానా అని పదిసార్లు వంటింట్లోకి వెళ్లి చూసుకున్నా. మీ బావకు మాత్ర ఇవ్వబోయి, ఇచ్చేశానేమోనని భయమేసి ఆయన్నే అడిగా. నా కూతురు పుట్టినరోజు గుర్తుందో లేదో అని కూర్చుని లెక్కపెట్టుకున్నానురా. మీరంతా కలిసి అంటే, నిజమే కాబోలు అనుకున్నా."

కూతురు కారు దిగి వచ్చి తల్లిని వాటేసుకుంది. మీటరాయన గుమ్మం పట్టుకుని, అరవైకి దగ్గరపడ్డవాడు, వెక్కి వెక్కి ఏడ్చాడు.

అక్క కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, కూతురి చేతిలోంచి తాళం తీసుకుంది.

"ఇంకెన్ని లీటర్లుందిరా దాంట్లో?"

"ముల్లు..." అనబోయి ఆగాడు. "నాకు తెలీదక్కా."

"ఆ రోజు లారీ ఆయన రెండు పోశాడు, నువ్వు పరీక్షకని మూడు పోశావు. వంతెన నుంచి ఇల్లు, ఇంటి నుంచి షెడ్డు, మళ్లీ ఇక్కడికి. తక్కువలో తక్కువ మూడున్నర ఉంటుంది. పంపు దాకా బ్రహ్మాండంగా పోతాం. ఎక్కు."

ముల్లు వైపు కన్నెత్తయినా చూడకుండా ఆవిడ బండి గేరులో వేసింది. పంపులో ట్యాంకు నిండా పోయించి, పోసినవాడిని ఎన్ని లీటర్లు పట్టిందో అడిగి, ట్యాంకు పట్టేదాంట్లోంచి అది తీసేసి, వేళ్ల మీద లెక్క చూసుకుంది. లెక్క సరిపోయింది. అప్పుడు, ఆ మూడు రోజుల్లో మొదటిసారిగా, అక్క నవ్వింది.