మట్టికి అందే ఊరు

మొన్నొక ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలు ముగించుకున్నాక, మా అమ్మాయీ అల్లుడూ వనపర్తిలోని నా ఇంట్లో చాప పరుచుకుని కూర్చుని రెండు ఊళ్ల పేర్లు నా ముందు పెట్టారు. అమ్మాయి నర్సు. మస్కట్‌లో ఒక ఉద్యోగం, మెల్‌బోర్న్‌లో ఒక ఉద్యోగం ఒకేసారి చేతికొచ్చాయి. మస్కట్ దగ్గర, కాని అక్కడ ఉన్నన్నాళ్లే ఉండడం. మెల్‌బోర్న్ భూమికి ఆ చివర, కాని పిల్లల చదువులకూ స్థిరపడడానికీ అదే మేలట. ఎక్కడికి పోయినా నన్ను వెంట తీసుకుపోవడం ఖాయమట, అందుకని నా మాట కూడా కావాలన్నారు. అల్లుడు ఫోనులో ఆ ఊరి బడులూ ఈ ఊరి ఎండలూ చూపిస్తుంటే తల ఊపుతున్నానే గాని, నా మనసు అక్కడ లేదు. ఇలాగే ఒక ఊరిని ఎంచుకోవడానికి మా అమ్మా నాయనా రోజుల తరబడి పోట్లాడుకున్న కాలం దగ్గరికి పోయింది.

నా ఈడు పాలమూరు వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కూలి కోసం ఊరు విడిచిపోవడాన్ని మేము దేశం పోవడం అనేవాళ్లం. గట్టు అనే ఊరి దగ్గర మా ఊళ్లో వానలు మొహం చాటేసిన ఏడాది, ఇక దేశం పోక తప్పదని తేలిపోయింది. బొంబాయిలో భవనాల పని చేసుకుంటున్న మా పెద్దనాయన అందరినీ రమ్మని కబురు పంపాడు. అక్కడైతే ఇద్దరికీ పని, తల దాచుకోను చోటు, కూలి కూడా ఎక్కువ. నాయన మనసు అప్పటికే బొంబాయి చేరిపోయింది, సముద్రం గురించీ మేడ బస్సుల గురించీ ఆయన తానే చూసొచ్చినట్టు చెబుతుంటే అక్కా నేనూ నోరు తెరుచుకుని వినేవాళ్లం. అమ్మ మాత్రం అన్నీ విని ఒకటే మాట అడిగింది. "ఆడికెల్లి మట్టికందుతమా?"

మట్టి అంటే మా వైపు చావు. ఫలానావాళ్ల మట్టికి పోయొచ్చినం అంటాం. మనిషిని బొందలో దించాక అయినవాళ్లంతా మూడేసి పిడికిళ్ల మట్టి వేస్తారు, ఆ పిడికిళ్లకు అందకపోతే చచ్చినవాళ్లతో లెక్క తెగక అలాగే ఉండిపోయినట్టు బతికినవాళ్లకు అనిపిస్తుంది. అమ్మ అంతకుముందెప్పుడో దూరాన కాలువ పనికి పోయి, తన తల్లి మట్టికి అందలేదు. ఆ మాట ఎవరికీ చెప్పుకునేది కాదు గాని, మా ఊళ్లో ఎవరు పోయినా అందరికంటే ముందు వెళ్లి అందరికంటే ఆఖరున వచ్చేది. మా నాయనమ్మ మాతో రానని, ఊళ్లోనే మేనత్త దగ్గర ఉంటానని తెగేసి చెప్పింది. ఆ ముసలిదాన్ని తలుచుకునే అమ్మ, బొంబాయి వద్దు, దగ్గర్లో ఉన్న రాయచూరు పోదామంటూ పట్టుపట్టింది.

చివరికి అమ్మ మాటే నెగ్గింది. రాయచూరులో పత్తి మిల్లు పని, కూలి తక్కువ, రోజంతా దూది ధూళిలో దగ్గు, వీధిలోకి పోతే తెలియని కన్నడం. అయినా పొద్దున బస్సెక్కితే పొద్దుగూకేలోగా ఊళ్లో ఉండొచ్చు. నాయన చాన్నాళ్లు అలక మానలేదు. బొంబాయి నుంచి పండక్కి వచ్చినవాళ్ల చేతి గడియారాలు చూసినప్పుడల్లా, మన అదృష్టం రాయచూరు దాకానే అని అమ్మకు వినబడేలా సణిగేవాడు. అప్పుడు అమ్మ వేసే రొట్టె ఆయన పళ్లెంలో కాస్త గట్టిగా పడేది.

ఆ తర్వాత ఒక ఎండాకాలం నాయనమ్మ పోయింది. ఊరి మనిషి బస్సెక్కి వచ్చి మిల్లు గేటు దగ్గర నిలబడి ఆ కబురు చెప్పాడు. అమ్మ ఏడవడానికి కూడా ఆగకుండా మమ్మల్ని రెక్కలు పట్టుకుని బస్సెక్కించింది. మేము పోయేసరికి బొంద తవ్వి పెట్టి మా కోసమే చూస్తున్నారు. నాయన తల్లి ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని చూసుకున్నాడు, తన పిడికిళ్లతో మట్టి వేశాడు. పెద్దనాయన తంతి అందుకుని, రైలు పట్టుకుని వచ్చేసరికి అంతా అయిపోయి మట్టి కుప్ప ఎండి పగుళ్లు తేలింది. అంత పెద్ద మనిషి ఆ కుప్ప ముందు కూలబడి, పక్కనున్న మట్టిని తీసి దాని మీద వేస్తూ, అమ్మా నేనొచ్చిన అని పసిపిల్లాడిలా ఏడుస్తుంటే చూడలేక మా మేనత్త కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు తర్వాత మా నాయన నోట బొంబాయి మాట మళ్లీ వినలేదు.

ఇదంతా తలుచుకుంటూ కూర్చున్న నన్ను, ఇంతకీ ఏ ఊరంటావమ్మా అని మా అమ్మాయి రెండోసారి అడిగినప్పుడు, నాకు తెలియకుండానే మా అమ్మ మాట నా నోట వచ్చింది. ఆ మెల్‌బోర్న్ నుంచి మట్టికందుతమా అన్నాను. మా అల్లుడు కోస్తా వైపు అబ్బాయి, పాపం. "ఇంటి వెనక పెరడు ఉంటుందత్తయ్యా, అక్కడి మట్టి కూడా మంచిదే, మీ గోంగూర బ్రహ్మాండంగా వస్తుంది" అన్నాడు సంబరంగా. నవ్వొచ్చింది నాకు. అమ్మాయికి మాత్రం అర్థమైంది. నావాళ్లందరిలో ఇంకా మిగిలింది మా అక్క ఒక్కతే, ఆమెను ఇచ్చింది మా ఊళ్లోనే. మస్కటే పోదాంలే అమ్మా అంది అమ్మాయి.

దానికి నా గుండె నిండాలి. నిండలేదు. మా అమ్మ ఆ మాట అడిగింది ఇంటిల్లిపాదీ కూలి తగ్గించుకుని అయినా సరే ఒక ముసలిదాని కడచూపు దక్కించుకోవడానికి. నేను అదే మాట అడిగి నా మనవల చదువుకు అడ్డం పడుతున్నానా అనిపించింది. ఎటూ తేలక మర్నాడు అక్కకు ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "మట్టికొచ్చి ఏం జేస్తవే, నేను సూస్తనా ఏమన్నా? పానముండంగ వచ్చి నాలుగొద్దులుండి పో" అని కసిరింది.

మెల్‌బోర్నే ఖాయం చేయమని మా అమ్మాయికి చెప్పి, బట్టలు సర్దుకుని ఊరికి పోయాను. అక్క జొన్నరొట్టె చేస్తే తిన్నాను, ఆమె తలకు నూనె పెట్టాను, చిన్నప్పటి తగవులన్నీ తవ్వుకుని మళ్లీ పోట్లాడుకున్నాం. ఇప్పుడు అయినవాళ్ల మట్టిని ఫోనులో చూస్తున్నారు, ఎవరో ఒకరు బొంద మీద ఫోను పట్టుకుని నిలబడితే దేశాల అవతల పిల్లలు అందులోంచే ఏడుస్తున్నారు. అది తప్పని నేననను, అందనివాళ్లు ఏం చేస్తారు. కాని తెరలోంచి పిడికెడు మట్టి వేయలేరు కదా. నేను తిరిగి వచ్చేరోజు అక్క కర్ర పట్టుకుని గట్టు బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదలబోతుంటే కిటికీలోంచి నా చేయి పట్టుకుని వదల్లేదు. ఒకరి మట్టి దగ్గర ఒకరం ఒంటరిగా ఏడవవలసిన ఏడుపు, అంతమంది చూస్తుండగా, ఇద్దరం కలిసే ఏడ్చేశాం.