బుజ్జి పడవ మీద నా పేరు

ఆ రోజుల్లో మా దీవుల్లో ఇంటర్నెట్ ఎంత నెమ్మదంటే, పొద్దున పంపిన ఫొటో సాయంత్రానికి తెరుచుకునేది. అందుకని పక్కవాళ్ళ సంతోషం చూసి కుళ్ళుకోవాలంటే మనిషి స్వయంగా బయలుదేరి వెళ్ళాల్సి వచ్చేది. నేను వెళ్ళేదాన్ని. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే ఆస్టినాబాద్ నుంచి చాతం దాకా బస్సులో, చాతం నుంచి బంబూఫ్లాట్‌కి ఫెర్రీలో వెళ్ళి, మా చిన్నాన్న కూతురు బుజ్జి ఎంత సుఖంగా ఉందో చూసి, తృప్తిగా కుళ్ళుకుని, సాయంత్రం ఫెర్రీకి తిరిగొచ్చేదాన్ని. (ఫెర్రీలో కాసేపే. ఆ కాసేపూ నేను కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చునేదాన్ని, తెరిస్తే కడుపులో తిప్పేది. దీవిలో పుట్టి పెరిగిన మనిషి బయటికి చెప్పుకునే సంగతి కాదు కాబట్టి, ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పేదాన్ని. నాకు భక్తి ఎక్కువని సంఘంలో మంచి పేరు కూడా వచ్చింది.)

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. హాడోలో ఒక కాంట్రాక్టరు గారి ఆఫీసులో టైపు చేసేదాన్ని. బుజ్జి నాకంటే ఏడాది చిన్నది. నన్ను ఇంట్లో బుల్లి అనేవారు. రెండు పేర్లూ మా తాత పెట్టినవే. తాతకి పెద్ద మనవరాల్ని నేను. క్రిస్మస్ కేకులో మొదటి ముక్క నాది, ఫొటోలో తాత కుడి పక్క చోటు నాది, ఆయన శ్రీకాకుళం వెళ్ళొస్తే పెట్టె తెరిచే హక్కు నాది. బుజ్జికి ఈత వచ్చు, చెట్లెక్కడం వచ్చు, మాట్లాడుతూనే బుట్టెడు చేపలు తోమడం వచ్చు. అవన్నీ ఉద్యోగం లేనివాళ్ళకి అబ్బే విద్యలని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. అలా సాగిపోతుండగా తాత పడవ మొదలుపెట్టాడు.

తాత చాతంలో కలప కోసే పని చేసి రిటైరయ్యాడు. చిన్నాన్న ఇల్లు సముద్రం ఒడ్డునే కావడంతో అక్కడే ఉండేవాడు. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి పెరట్లో దిమ్మల మీద ఎర్రటి పడౌక్ కలప దూలం ఒకటి పడుకుని ఉంది. అది డుంగీకి వెన్నుకర్ర అన్నారు. (మా దగ్గర చిన్న చెక్క పడవని డుంగీ అంటారు.) దానికి పలకలు బిగించాలంటే ఒక్కో పలకనీ తడిపి, మంట మీద కాచి, వేడి చల్లారకముందే వంచాలి. ఒక కొస తాత పట్టుకుంటే రెండో కొస ఎవరో ఒకరు కదలకుండా పట్టుకోవాలి. పట్టుకున్నది బుజ్జి.

"గుంట చెయ్యి కదల్దు," అన్నాడు తాత, పొగలోంచి నా వైపు తిరిగి. "మగోళ్ళక్కూడా రాదీ పట్టు."

"నేనూ పడతాను తాతా," అన్నాను.

"నీకెందుకే, సీర మసైపోద్ది. ఎల్లి టీ ఎట్టు."

ఆరు నెలల్లో ఆ పెరట్లో నేను పెట్టిన టీ పోస్తే ఆ పడవ తేలేది. పెద్ద మనవరాలు పొయ్యి దగ్గరా, చిన్న మనవరాలు పడవ దగ్గరా. వారం వారం వచ్చేసరికి పడవకి ఒక వరస పలకలు పెరిగేవి, తాత నోట్లో బుజ్జి పేరు పది సార్లు పెరిగేది. చివరికి ఒక రోజు పట్టుపట్టి, పలకల సందుల్లో నూలు కూరి గుగ్గిలం పట్టించే పనికి కూర్చున్నాను. గంటసేపు చాలా శ్రద్ధగా కూరాను. లేవబోతే లేవలేకపోయాను. నూలుతో పాటు నా పమిట చెంగు కూడా సందులోకి కూరేసి, పైన గుగ్గిలం పోసేసుకున్నాను. తాత ఉలి తెచ్చి చెంగు కోసి నన్ను విడిపించాడు. బుజ్జి నవ్వలేక ఇసుకలో పడి దొర్లింది. (ఆ చోట పడవ ఎన్నడూ కారలేదని ఇక్కడ రాసుకోవాలి.)

పడవ పూర్తయ్యాక నీలం రంగు వేశారు. పొట్టి తెరచాప ఒకటి, రెండు తెడ్లు సిద్ధమయ్యాయి. శనివారం పోటు సమయానికి పాస్టర్ గారు వచ్చి ప్రార్థన చేస్తారు, పడవని నీళ్ళలోకి దించుతారు. శుక్రవారం నేను సెలవు పెట్టి వెళ్ళాను. తాత నన్ను పక్కకి పిలిచి ఎర్ర రంగు డబ్బా, కుంచె చేతికిచ్చాడు.

"తెలుగులో రాయడం మనింట్లో నీకే వచ్చు. నా కంటికి పొర. ఈళ్ళందరిదీ హిందీ సదువు. పడవ ముక్కు పక్కన పెద్దచ్చరాలతో రాసెయ్."

"ఏం రాయాలి తాతా?" అన్నాను. నా పేరే చెబుతాడనుకున్నాను. పెద్ద మనవరాల్ని కదా.

"బుజ్జి," అన్నాడు.

కుంచె పట్టుకుని పడవ పక్కన ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. 'బు' వరకూ చెయ్యి చక్కగా నడిచింది. అక్కడ ఆగింది. మిగిలింది ఒకే ఒక్క అక్షరం. ఈ ఇంట్లో ఆ అక్షరం చదవగలిగిన మనిషి నేను తప్ప లేరు. పోనీ ఎవరైనా చదివినా, తొందరలో చెయ్యి జారిందంటే నమ్ముతారు. ఇలా అన్ని వైపులా ఆలోచించి, 'జ్జి' రాయాల్సిన చోట 'ల్లి' రాశాను. పైగా మొత్తం దస్తూరిలోకీ ఆ 'ల్లి' ఒక్కటే మహా అందంగా కుదిరింది. అటుగా వచ్చిన బుజ్జి కాసేపు నిలబడి చూసింది.

"హో గయా దీదీ? అయిపోయిందా? బాగుంది," అని వెళ్ళిపోయింది. పాపం అనిపించింది. ఎక్కువసేపు అనిపించలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి సంఘం వాళ్ళు పాతిక మంది దాకా ఒడ్డున చేరారు. పాస్టర్ గారు పడవ మీద చెయ్యి వేసి ప్రార్థించి, కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న పేరు గట్టిగా చదివారు. "బుల్లి. చిన్న పడవకు తగిన చక్కని నామధేయము."

పాస్టర్లకి తెలుగు చదవడం వస్తుందన్న సంగతి అంతవరకూ నాకు తట్టనేలేదు. పిన్ని నా వైపు చూసింది. చిన్నాన్న పడవ వైపు చూశాడు. నేను చెయ్యి జారిన కథ చెప్పబోయాను. తాత నన్ను ఆపి, తన వేళ్ళతో ఆ అక్షరాల్ని తడిమి, నెమ్మదిగా అన్నాడు.

"బుల్లంటే మా పెద్ద మనవరాలు, పాస్టర్ గారూ. పేరెవురిదో ఆళ్ళే ముందెక్కి తెడ్డెయ్యాల. మా ఊళ్ళో అదే రివాజు."

(ఆ తర్వాత శ్రీకాకుళం వెళ్ళినప్పుడు విచారించాను. అలాంటి రివాజు అక్కడెవరూ వినలేదు.)

కాదనడానికి దారి లేకపోయింది. నలుగురు పట్టుకుని నన్ను పడవలో కూర్చోబెట్టి తోశారు. నాకు ఈత రాదు, తెడ్డు పట్టడం రాదు. కుడి తెడ్డు ఒక్కటే నీళ్ళకి తగిలింది, ఎడమది గాలిని కొట్టింది. పడవ ఉన్నచోటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. ఒడ్డు మీంచి "బాయే, బాయే" అని ఎడమకి కొందరు, "కుడికి, కుడికి" అని కొందరు, పాస్టర్ గారు "నెమ్మది, నెమ్మది" అనీ సలహాలిచ్చారు. ఏదో ఒకటి చెయ్యాలని చేతికందిన తాడు లాగాను. తెరచాప లేచింది, గాలి పట్టుకుంది, పడవ తిరగడం మానేసి మడ చెట్ల వైపు సూటిగా బయలుదేరింది. ఆ చెట్ల దగ్గర మొసళ్ళుంటాయని రాసిన బోర్డు దగ్గరవుతోంది. హిందీలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చదివాను. అర్థం ఒకటే.

వెనక నీళ్ళ చప్పుడైంది. బుజ్జి. చుడీదార్‌తోనే దూకి ఈదుకుంటూ వచ్చి పడవ అంచు పట్టుకుంది.

"దీదీ, రస్సీ ఛోడ్. తాడొదిలెయ్."

"ఏ తాడు?"

"నీ చేతిలో ఉన్నదే."

వదిలేశాను. తెరచాప చల్లబడింది. బుజ్జి పడవలోకి ఎక్కి కూర్చుంది. నేను అంచు మీదికి వంగి, పొద్దున తిన్న ఇడ్లీలన్నీ సముద్రానికి అప్పగించాను. అది నా వీపు నిమురుతూ కూర్చుంది, ఆ నిమరడం ఇంకా భరించలేకపోయాను.

"నీ పేరు రాయమన్నాడు తాత," అన్నాను మొహం తుడుచుకుంటూ. "నేనే కావాలని మార్చాను."

"మాలూమ్ హై. తెలుసు. నిన్ననే చూశా కదా."

"నీకు తెలుగు చదవడం రాదుగా."

"నా పేరు తెలీదా? చిన్నప్పుడు ఇసుకలో నువ్వే దిద్దించావు. ఆ ఒక్క పేరే వచ్చు నాకు. అది నా పేరు కాదని తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

బుజ్జి జడ పిండుకుంది. "చెప్తే చెరిపేసి మళ్ళీ రాస్తావు. మళ్ళీ ఒడ్డు మీదే కూర్చుని మొహం మాడ్చుకుంటావు. నీ పేరుంటేనైనా ఎక్కుతావేమో అనుకున్నా. అకేలే క్యా మజా, దీదీ? ఒక్కదాన్నే తిరిగితే ఏం సరదా? రెండు తెడ్లున్నాయి."

అది ఎడమ తెడ్డు తీసుకుని కుడిది నాకిచ్చింది. 'ఏక్, దో' అని అది లెక్కపెడుతుంటే ఒడ్డుకి చేరాం, కాస్త వంకరగా. తాత మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా దిగేశాడు. రివాజు కనిపెట్టిన మనిషి అంతసేపూ ఎంత భయపడ్డాడో అప్పుడు తెలిసింది. నా చెయ్యి పట్టి దించి, "అవతల పక్క కాళీగా ఉంది, దాని పేరూ రాసెయ్," అన్నాడంతే.

రాశాను, పాస్టర్ గారి ఎదుటే. ఆ తర్వాత రెండేళ్ళు ప్రతి ఆదివారం మేమిద్దరం ఆ డుంగీలో తిరిగాం. నాకు తెడ్డు వచ్చింది, తెరచాప వచ్చింది, ఈత కూడా ఒక మాదిరిగా వచ్చింది. ఈర్ష్య పూర్తిగా పోయిందని చెప్పను. పడవ కట్టేటప్పుడు నా పేరున్న పక్క జనానికి కనబడేలా తిప్పి కట్టేదాన్ని. ఫెర్రీ ఎక్కి కిటికీలోంచి చూసేసరికి బుజ్జి దాన్ని మళ్ళీ తిప్పుతూ కనిపించేది.

తాత వెళ్ళిపోయాడు. పడవ కూడా ఎండకీ ఉప్పుకీ అరిగిపోయింది. బుజ్జి ఇప్పుడు వేరే దీవిలో యాత్రికులకి పడవ నడపడం నేర్పుతోంది. మొన్న పాత పెట్టెలు సర్దుతుంటే ఆ శనివారం ఎవరో తీసిన ఫొటో దొరికింది. ఒడ్డున జనం, నీళ్ళ మీద నేను. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే, ఇన్నేళ్ళలో ఎవరూ నాకు చెప్పని సంగతొకటి కనబడింది. అలాంటి పడవలో తెడ్లు వేసేవాళ్ళు వెనక వైపుకి మొహం పెట్టి కూర్చుంటారు. నేను ముందు వైపుకి తిరిగి, నిటారుగా, గడ్డం పైకెత్తి, సముద్రమంతా నాదే అన్నట్టు కూర్చున్నాను. చుట్టూ పాతిక మంది ఉన్నారు, ఒక్కరైనా తప్పని చెప్పలేదు. ఆ పిల్లని చూసి చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత ఫొటో పెట్టెలో పెట్టకుండా బల్ల మీదే ఉంచాను. తప్పుగా కూర్చుంటే కూర్చుంది గానీ, భలే కూర్చుంది.