కిబో ఏమిటని అడిగే వదిన

మొన్న తెల్లవారుతుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది, మా వదిన పోయిందని. మా ఆయనకు సొంత అక్క. ఫోను మోగితే చాలు, ఎవరికేమైందోనని గుండె దడదడలాడే మనిషిని నేను. ఈసారి ఆ భయమే నిజమైంది.

వదినకు భర్త చిన్న వయసులోనే పోయాడు. ఉక్కు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికొచ్చిన జపాను ఇంజనీర్లు ఉండే గెస్ట్‌హౌసులో వంట చేసి బతికింది. ఆశను వాళ్ళు కిబో అంటారని అక్కడే తెలుసుకుంది. ఏం వండమంటారని అడగడానికీ ఆ మాటే చెల్లుతుందని వాళ్ళలో ఒక పెద్దాయన చెప్పాడట. ఆశకీ కూరకీ ఒకటే మాటేమిటని నేను నవ్వాను.

"నవ్వుతావేటే? ఏటి కావాలో నోరు తెరిసి సెప్పడమే ఆశంటే. సెప్పకపోతే నానేటి వండాలి?" అంది.

ఆ పని మానేశాక గోపాలపట్నంలో మా పక్క వాటాలోకి వచ్చింది. పొద్దు వాలేసరికి మా గుమ్మంలో నిలబడి, "ఏటర్రా, మీ కిబో ఏటి?" అని అడిగేది. పిల్లలు బజ్జీలనేవారు. మా ఆయన నావైపు చూసి, "ఇది ఒక్కపూట బెంగెట్టుకోకుండా ఉంటే సాలక్కా" అనేవారు.

నా వంతు వస్తే, "పిల్లలెక్కే బడి బస్సుకేటీ అవకూడదు వదినా. కరెంటు పోకూడదు. జొరాలు రాకూడదు" అనేదాన్ని.

"అన్నీ ఒద్దన్నవే! బజారుకెళ్ళి వంకాయలొద్దు, బెండకాయలొద్దు అంటా తిరిగితే సంచీలో ఏటి పడతాదే? కావలసింది సెప్పు."

నాకు తోచేది కాదు. ఒక్కసారి మాత్రం యారాడ సముద్రం చూడాలనుందన్నాను. ఆ ఆదివారమే ఆటో మాట్లాడింది. కొండ మలుపుల్లో నేను కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పిలుస్తుంటే, "ఇలగైతే సముద్రం నీకేటి కనబడతాదే" అని నా గడ్డం పట్టుకుని అటు తిప్పింది. అంత నీలం నేను అంతకు ముందు చూడలేదు.

పోయే ముందురోజు సాయంత్రం సీతమ్మధార ఆసుపత్రిలో తన మంచం పక్కన కూర్చుని, "నీకేటీ అవకూడదు వదినా" అన్నాను.

"మళ్ళీ మొదలెట్టావా?" అంది నీరసంగా.

అప్పుడు తట్టింది నాకు. ఇన్నేళ్ళూ ఇంతమందిని అడిగిన మనిషిని తిరిగి మాలో ఒక్కరమూ అడగలేదు.

"నీ కిబో ఏటి వదినా?"

నన్ను వింతగా చూసింది. "నాదా? నన్నెవులూ అడగలేదే. ఉండు, ఆలోసించుకోనీ. రేపు సెప్తాను."

"రేపెందుకు? ఇప్పుడే సెప్పు." అన్నాను.

"కంగారెట్టకే. ఎంచుకోవద్దేటి?" అంది.

వేళ అయిపోయిందని నర్సమ్మ నన్ను లేపింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూశాను. వదిన కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. బట్టల కొట్లో రెండు చీరలు ఒళ్ళో వేసుకుని, ఏది తీసుకోవాలో తేల్చుకోలేని కొత్త పెళ్ళికూతురిలా, తనలో తనే నవ్వుకుంటోంది.