బ్రీచ్ అంటే ఏంటే?

నా చిన్నప్పుడు, న్యూజెర్సీలో మేమున్న రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో ఇంగ్లీషు వచ్చినది నాన్నకీ నాకూ మాత్రమే. నాన్న మందుల కంపెనీ పనిమీద వారాల తరబడి వేరే రాష్ట్రంలో ఉండేవారు. అందుకని ఇంటికొచ్చే ఫోన్లకీ, తలుపు తట్టేవాళ్ళకీ జవాబు చెప్పే పెద్దమనిషిని నేనే. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మకి కార్ నడపడం రాదు, ఆ ఊళ్ళో కార్ లేనిదే పాలు కూడా తెచ్చుకోలేం. పైగా అమ్మకి నెలలు నిండుతున్నాయి.

ఒకరోజు పొద్దున్న ఆస్పత్రి నుంచి నర్సు ఫోన్ చేసింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అని అడిగి, అమ్మకి ఇంగ్లీషు రాదంటే నిట్టూర్చి, నాతోనే చెప్పింది. బేబీ బ్రీచ్ అట, గురువారం రావాలట, ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చట. ఆ మధ్యాహ్నానికి మంచు కింది ఇంటి కిటికీ అంచుదాకా పేరుకుంది, ఫోన్ లైనూ పోయింది. నాన్నని అడిగే దారి లేదు.

ఆపరేషన్ అన్నమాట అమ్మకి తెలిసిందే. తెలియనిది రెండోది. "బ్రీచ్ అంటే ఏంటే?" అని పదిసార్లు అడిగింది. నాకు తెలిస్తేగా! నాన్న ఎక్కడో చవగ్గా కొన్న పాత డిక్షనరీ దించి, చీమల బారులాంటి ఆ అక్షరాలమీద వేలు పెట్టి, అర్థమైనంతవరకు చదివి వినిపించాను. తుపాకీ వెనకభాగం. లాగు. లాగు తొడగడం. పూర్వం బడిలో పిల్లల్ని బెత్తంతో కొట్టడం. అమ్మ తుపాకీ దగ్గరే ఆగిపోయింది.

"నా కడుపులో తుపాకీ ఏంటే?" అని మొదట నవ్వింది. తర్వాత ఆ నవ్వు ఎటుపోయిందో, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ రెండు గదుల్లో ఎటు తిరిగినా ఆ మాటే. వంటింట్లోకి వెళ్తే అక్కడికీ వచ్చేది. దాన్ని ఇంట్లోకి తెచ్చినదాన్ని నేనే, బయటికి పంపడం నాకు చేతకాలేదు.

ఇక లాభం లేదని కింది ఇంటి ముసలావిడ దగ్గరికి వెళ్ళాను. మా పోపు ఘాటుకి ఆవిడ కోపంగా ఉంటుందని అమ్మకి గట్టి నమ్మకం, ఎదురుపడితే తల దించుకునేది. బేబీ సంగతి చెప్పకుండా, బ్రీచ్ అంటే ఏంటని మాత్రం అడిగాను. ఆవిడ ఆ మాట వినగానే ఎంత మురిసిపోయిందో! గోడమీది ఫోటో దించి చూపించింది. అందులో కుచ్చుల గౌను వేసుకున్న పిల్ల, ఆవిడ తాతట! ఆ రోజుల్లో మగపిల్లలకీ అయిదారేళ్ళదాకా గౌన్లేనట, మొదటిసారి లాగు తొడిగిన రోజు ఇంట్లో పండగేనట, దాన్నే బ్రీచింగ్ అనేవాళ్ళట.

నేను ఎగురుకుంటూ పైకెళ్ళి, తమ్ముడు లాగు తొడుక్కున్నాడట అని చెప్పాను.

"కడుపులోనా? ఎవరు తొడిగారే?" అంది అమ్మ. అని, భోరుమంది.

ఆవిడ నా వెనకే, మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. అమ్మ పొట్ట చూసింది, నన్ను చూసింది, విషయం గ్రహించింది. ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. నా బొమ్మని అందుకుని, దిండు గలీబులో తలకిందులుగా పెట్టి, ఇలా ఉండాలి అన్నట్టు తలూపింది. తర్వాత బొమ్మని తిప్పి, పిరుదులు కిందికీ కాళ్ళు మొహం మీదికీ మడిచి కూర్చోబెట్టి, అమ్మ పొట్టకేసి వేలు చూపించింది.

అమ్మ కన్నీళ్ళు తుడుచుకుంది. "ఓసినీ, ఎదురుకాళ్ళా!"

ఇక అమ్మ నోటికి అడ్డులేదు. వాళ్ళ మేనమామ ఎదురుకాళ్ళతోనే పుట్టాడట, నడుం పట్టేసినవాళ్ళంతా వచ్చి ఆయనచేత తన్నించుకుని పోయేవారట. ఇదంతా ఆవిడకి చెప్పమంటే ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ తన నడుం పట్టుకుని, "మొదటి తన్ను నాకే అని మీ అమ్మకి చెప్పు," అంది.

అయినా అమ్మ భయం పూర్తిగా పోలేదు. పొట్టమీద వేలితో గీత గీసి, కోస్తారా అని కళ్ళతోనే అడిగింది. ఆవిడ నన్ను అటు తిరగమంది. నేను తిరగలేదు. ఆవిడ స్వెటర్ పైకెత్తి తన పొట్టమీది పాత కుట్లమచ్చ చూపించింది. ముగ్గురు పిల్లలని వేళ్ళతో చెప్పింది. అమ్మ మెల్లగా చెయ్యి చాపి ఆ మచ్చని తడిమింది. ఆ ఇద్దరి మధ్యా ఇక నా అవసరం లేదు. అదెంత సుఖంగా అనిపించిందో నాకింకా గుర్తే.

గురువారం ఆవిడే తన కార్లో మమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డా క్షేమం.

నిరుడు మావారి గుండె గురించి డాక్టరు నోరు తిరగని పేరేదో చెప్పాడు. నేను గంగిరెద్దులా తలూపబోయి ఆగాను. ఆ కంప్యూటర్ పక్కన పెట్టి, ఏం జరుగుతోందో గుప్పిటతో చేసి చూపించు నాయనా అన్నాను. పాపం, ఆ కుర్రాడు కుర్చీ దగ్గరికి లాక్కుని, గుప్పిట మూసీ తెరిచీ చూపించాడు, ఎక్కడ తెరుచుకోవడం లేదో అక్కడ వేలు పెట్టాడు. నా భయం తగ్గలేదు. కానీ ఆ రాత్రి నేనూ మావారూ ఒకే సంగతికి భయపడ్డాం, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని.