చెరి సగం పొడి

కండక్టరమ్మ పోయి ఏడాది దాటింది. ఆమె తిరిగిన రూటులో ఎవరైనా కడుపు పట్టుకుని మొహం చిట్లిస్తే పాత ప్రయాణికులు ఇప్పటికీ ఆమెనే తలుచుకుంటారు. ఏ స్టాపు దగ్గర, ఏ పెట్రోలు బంకులో శుభ్రమైన బాత్రూము ఉందో ఆమెకు కంఠతా వచ్చు. అది పరోపకారం కోసం నేర్చిన విద్య కాదు, ఆమె కడుపే నేర్పింది. బస్సు కిక్కిరిసిన రోజున పేగులు మెలిపెట్టేవి. మెలిపెడతాయేమోనన్న భయంతో బస్సు ఖాళీగా ఉన్న రోజునా మెలిపెట్టేవి. ఆమె దిగి వెళ్ళొచ్చేదాకా డ్రైవరు హారన్ జోలికి పోకుండా కూర్చునేవాడు. అంత మర్యాద తెలిసిన మనిషిని తాను చూడలేదని ఆమె అంటుండేది.

ఇంట్లో అంతకు మించిన బెంగ ఇంకొకటి ఉండేది. అది తోడికోడలి గురించి. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని, అద్దాల్ని ఫ్రేముకు సరిపడా అరగదీయడం ఆ పిల్ల పని. యంత్రం రొదలో కూడా ఆమె నవ్వు బయటికి వినిపించేదట. ఊపిరితిత్తులకు జబ్బు చేసి, నెలల తరబడి ఘాటు మందులు మింగి, బతికి బయటపడింది. ఒళ్ళు కోలుకుంది గానీ మనిషి తిరిగి రాలేదు. మంచం అంచున గోడవైపు తిరిగి కూర్చునేది. పలకరిస్తే "ఊ" అనేది. పళ్ళెం ముందు పెడితే రెండు ముద్దలు కెలికి పక్కకు నెట్టేది. మనసు డాక్టరుకు చూపిద్దామని మరిది ఒకసారి అన్నందుకు, "నాకేం పిచ్చా?" అని తలుపేసుకుంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ రోజుల్లోనే కండక్టరమ్మ తన కడుపు చూపించుకోవడానికి పెద్దాసుపత్రికి వెళ్ళింది. పేగుల విభాగంలో ఒక డాక్టరమ్మ పరిశోధన చేస్తోంది.

"మన పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులుంటాయమ్మా. వాటికీ మెదడుకీ మధ్య రాకపోకలున్నాయని తెలుస్తోంది," అంది డాక్టరమ్మ.

"అంటే నా భయం వాటి నిర్వాకమేనంటారా?"

"కొంత అయ్యుండొచ్చు. మీ భయం వల్లే అవి మారిపోతుండొచ్చు కూడా. ఏది ముందో తెలిస్తే నేనీపాటికి ఈ ఇరుకు గదిలో ఉండేదాన్ని కాదు."

కండక్టరమ్మకు ఆ జవాబు తెగ నచ్చింది. తెలియదని ఒప్పుకున్న డాక్టరును ఆమె అంతకు ముందు చూడలేదు. అక్కడికక్కడే పరిశోధనలో చేరతానంది. పొడి ప్యాకెట్లు ఇచ్చారు. కొందరి ప్యాకెట్లలో మేలు చేస్తాయనుకుంటున్న సూక్ష్మజీవులుంటాయి, పోల్చి చూడటానికి కొందరివాటిలో ఉత్త పిండి. ఎవరికి ఏది వచ్చిందో చివరిదాకా డాక్టరుకూ తెలియదు. రోజుకొకటి నీళ్ళలో కలుపుకుని తాగాలి.

"మీరొక్కరే తాగాలి," అని నర్సు గట్టిగా చెప్పింది.

కండక్టరమ్మ బుద్ధిగా తలూపింది. కానీ ఆ ఇంట్లో తలనొప్పి మాత్రను కూడా తోడికోడళ్ళిద్దరూ విరిచి చెరి సగం వేసుకునేవాళ్ళు. ఆమె దృష్టిలో తోడికోడలు ఎప్పుడూ రెండో మనిషి కాదు. పైగా, మెదడుకు మంచిదయితే అది తనకన్నా ఆ పిల్లకే ఎక్కువ అవసరం. మొత్తం ఇచ్చేస్తే డాక్టరమ్మను మోసం చేసినట్టు. సగం ఇస్తే ఎవరికీ అన్యాయం జరగదు. బస్సు ఇంటివైపు మలుపు తిరిగేలోగా ఈ తీర్పు చెప్పేసుకుంది.

"ఏంటిది?" అంది తోడికోడలు, గ్లాసు చూసి.

"కడుపుకి మంచిదట. తాగు."

"నా కడుపులో ఏం లేదక్కా."

"లేదనేగా తాగమంటోంది! నువ్వు తాగితేనే నేను తాగుతా. సాయంత్రం దాకా ఇలాగే నిలబడతా, నీ ఇష్టం."

మనసంటే తలుపేసుకున్న మనిషి, కడుపంటే చెయ్యి చాపింది. ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టి, "గోడకి కొట్టే సున్నంలా ఉంది," అంది. ఇన్ని నెలల్లో ఆమె నోటి నుంచి వచ్చిన అతి పెద్ద వాక్యం అదే.

అప్పటి నుంచి కండక్టరమ్మ డ్యూటీ దిగి రాగానే రెండు గ్లాసులూ పట్టుకుని ఆమె మంచం మీద చేరేది. బస్సులో ఆ రోజు ఎవరు ఎవరితో తగువు పడ్డారో చెబుతూ తన గ్లాసు ఖాళీ చేసేది.

"ఇవాళ సున్నం పలచగా కలిపావు," అంది తోడికోడలు ఒక సాయంత్రం.

"డబ్బులిచ్చి తాగుతున్నట్టు వంకలొకటి!"

"డబ్బులిచ్చుంటే నీ నెత్తిన పోసేదాన్ని."

గుమ్మం దాటబోతున్న మరిది అక్కడే నిలబడిపోయాడు. వదినవైపు చూసి, ఏమీ అడక్కుండా మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాడు.

తరవాతిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు కండక్టరమ్మ ఉత్సాహం పట్టలేక అడిగేసింది. "అమ్మా, ఇంకొన్ని ప్యాకెట్లు ఎక్కువిస్తారా?"

"ఇచ్చినవి సరిపోయాయిగా?" అంది నర్సు.

"సరిపోయాయి. కానీ సగమే కదా, ఇంకాస్త పడితే..."

నర్సు తలెత్తి చూసింది. లోపలి నుంచి డాక్టరమ్మ వచ్చింది. మిగతా సగం ఏమైందో విన్నాక కళ్ళజోడు తీసి, కాసేపు కళ్ళు నొక్కుకుంది.

"మీరింక పరిశోధనలో ఉండటానికి లేదమ్మా."

"నన్ను తీసెయ్యండి, పర్లేదు. ఆ పిల్లని చేర్చుకోండి. దానికి పని చేస్తోంది!"

"ఏది పని చేస్తోంది? మీ ప్యాకెట్లో ఉన్నది ఉత్త పిండేమో. ఒళ్ళు తనంతట తను తేరుకుంటోందేమో. రోజూ మీరు పక్కన కూర్చోవడమేమో. లేదా నిజంగా పొడేనేమో, నాకూ తెలీదు. కానీ అంత జబ్బు నుంచి లేచిన మనిషికి ఎవర్నీ అడక్కుండా ఇలాంటివి పోయకూడదమ్మా. ఇంతకీ ఆమెని ఎవరికైనా చూపించారా?"

"రానంటుంది."

"దిగులుకి వైద్యం ఉంది. అది ఈ పొడిలాగా ఇంకా తేలాల్సింది కాదు, పనిచేస్తుందని తెలిసినదే. ఈ పొడి కోసం కూర్చోకండి. తీసుకురండి."

మిగిలిన ప్యాకెట్లు వెనక్కి తీసుకున్నారు. ఇంటికి వస్తున్నంతసేపూ కండక్టరమ్మ గుండెల్లో ఒకటే గుబులు. గ్లాసు ఆగిపోతే ఆ పిల్ల మళ్ళీ గోడవైపు తిరుగుతుందేమో! వంటగదిలోకి వెళ్ళి పిండి డబ్బా మూత తీసింది. ఒక చెంచా కలిపితే ఎవరికి తెలుస్తుంది? డాక్టరమ్మకే తెలియని సంగతి ఇంకెవరికి తెలుస్తుంది? చెంచా పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఇన్నాళ్ళకి తన కళ్ళలోకి చూసి మాట్లాడుతున్న మనిషిని మోసం చెయ్యడానికి చెయ్యాడలేదు. డబ్బా మూసి, ఉత్త చేతులతో గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పింది.

తోడికోడలు ఆమె ఖాళీ చేతులవైపు చూసింది. తర్వాత, "మొత్తం నువ్వే తాగాల్సిందా?" అంది.

"ఆఁ."

"అందులో ఏముందో తెలీకుండానే నాకు పోశావా?"

"నేనూ తాగాగా!"

"నీకు జరగాల్సిన వైద్యం చెడగొట్టుకున్నావు! ఎవరడిగారు నిన్ను? నేనడిగానా?" ఆమె మంచం దిగి నిలబడింది. గొంతు వీధిలోకి వినపడేంత పెరిగింది. కండక్టరమ్మకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. తిట్టవే తల్లీ, ఇంకో నాలుగు తిట్టు అనుకుంది. మరిది పరిగెత్తుకొచ్చి, అరుస్తున్నది తన భార్యేనని చూసి, ఏం చెయ్యాలో తోచక ఫ్యాను వేశాడు.

"పాపం ఆ డాక్టరమ్మ పని కూడా పాడుచేశాం," అంది తోడికోడలు, కాస్త చల్లారాక. "ఒక్క అద్దం నేను తప్పుగా అరగదీస్తే మళ్ళీ మొదటికి రావాలి. ఆ బాధ నాకు తెలుసు. సగం తాగింది నేను. నేనే వచ్చి చెబుతా. రేపు తీసుకెళ్ళు."

మర్నాడు ఆమె డాక్టరమ్మ ఎదుట నిలబడి, తప్పు ఇద్దరిదీ అని చెప్పింది. డాక్టరమ్మ కూర్చోబెట్టి ముందు కడుపు సంగతే అడిగింది. ఆకలి లేదంది. నిద్ర అడిగితే, అదీ లేదంది. ఏడుపొస్తుందా అంటే, రాదు, వస్తే బాగుండుననిపిస్తుంది అంది.

"నాకు తెలిసింది పేగుల వరకే," అంది డాక్టరమ్మ. "ఎదురు గదిలో మా స్నేహితురాలుంది. చాలామందిని మేమిద్దరం కలిసే చూస్తాం. ఆమెతో మాట్లాడతారా?"

ఎదురు తలుపు మీద 'మానసిక వైద్య విభాగం' అని బోర్డు పెద్ద అక్షరాల్లో ఉంది. తోడికోడలు దాన్ని పూర్తిగా చదివింది. కండక్టరమ్మకు నాలుక చివరిదాకా ఏవేవో మాటలు వచ్చాయి. వాటిని బలవంతాన మింగింది.

"ఆవిడకి మొదటినుంచీ చెప్పాలా?" అంది తోడికోడలు.

"మీరు చెప్పగలిగినంత."

"చాలా ఉంది," అని లేచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా వరండా దాటి ఆ తలుపు తోసింది.

కండక్టరమ్మ బయట బల్ల మీద కూర్చుంది. లోపలి మాటలు వినపడలేదు గానీ, ఎక్కువసేపు వినిపించిన గొంతు మాత్రం తోడికోడలిదే. మధ్యలో ఒకసారి ఆగి, మళ్ళీ మొదలయింది. చివరికి తలుపు తెరుచుకుంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి, చేతిలో మందుల చీటీ ఉంది.

"వచ్చే వారం మళ్ళీ రమ్మన్నారు."

"నువ్వేమన్నావు?"

"వస్తానన్నాను. మందుల షాపు ఎటు?" అంటూ ముందు తనే నడిచింది.